ఐదో నెల దాటినా ఒక్క డాక్టరూ చూడలేదు, యూకేలో ఇంతేనా?

పునుగులపిచ్చి:
అందరికీ నమస్తే. రెండేళ్ళుగా ఈ ఫోరమ్‌లో చదవడమే గానీ రాయడం ఇదే మొదటిసారి. మాది తెనాలి. మా ఆయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చారు, నేను డిపెండెంట్‌ని, ఉండేది ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. ఇప్పుడు నాకు 22 వారాలు, మొదటి కాన్పు. ఇప్పటిదాకా ఒక్క డాక్టరు కూడా నన్ను చూడలేదంటే నమ్ముతారా? జీపీకి, అంటే మా ఏరియా డాక్టరుకి, ఫోన్ చేస్తే ఆన్‌లైన్‌లో ఫారం నింపుకోమన్నారు, అంతే. అప్పటినుంచి అంతా మిడ్‌వైఫే, అంటే కాన్పులు చూసే ఆవిడ. వచ్చినప్పుడల్లా బీపీ చూస్తుంది, యూరిన్‌లో పుల్ల ముంచి చూస్తుంది, "ఏమైనా ప్రశ్నలున్నాయా" అంటుంది. స్కాన్లు కూడా రెండే, 12 వారాలకి ఒకటి, 20 వారాలకి ఒకటి, ఆ రెండూ అయిపోయాయి, ఇంక అవసరమైతే తప్ప చెయ్యరట. మా వదినకి అక్కడ నెలనెలా స్కాన్, ప్రతిసారీ ఫొటో, గైనిక్ మేడమ్ స్వయంగా చూసేవారు.

పోయినసారి ఆ మిడ్‌వైఫ్ "కాన్పు ఎలా కావాలనుకుంటున్నావు, ఎక్కడ కావాలనుకుంటున్నావు" అని అడిగింది. నాకేం తెలుసండీ? ఆవిడకి తెలియక నన్ను అడుగుతోందేమో అనిపించింది. మనిషికి ఏడాదికి 1,035 పౌండ్ల చొప్పున మూడేళ్ళ హెల్త్ సర్‌చార్జ్ వీసాతోపాటు ముందే కట్టి వచ్చాం, దానికి ఇదా? దీనికితోడు అమ్మ విజిటర్ వీసా రిజెక్ట్ అయింది. ఇండియా వెళ్ళిపోయి పుట్టింట్లో పురుడు పోసుకోనా అని ఆలోచిస్తున్నా. రాత్రిళ్ళు నిద్ర పట్టట్లేదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

గుంటూరుకారం:
వెళ్ళిపో చెల్లీ. నేను రెండోదానికి అదే చేశాను. అమ్మ చేతి పత్యం, నాన్న ఆటోలో తీసుకెళ్ళడం, డాక్టరమ్మ ఫోన్ నంబరు మన దగ్గరే ఉండటం, వీటికి ఏ దేశమూ సాటిరాదు.

చలిదేశం:
గుంటూరుకారం గారూ, పైపైన చెప్పి వదిలేస్తే ఎలా అండీ, లెక్క మొత్తం చెప్పాలిగా. చాలా ఎయిర్‌లైన్లు 28 వారాలు దాటితే లెటర్ అడుగుతాయి, 36 దాటితే కడుపులో ఒక్క బిడ్డే ఉన్నా ఎక్కించుకోవు. బిడ్డ అక్కడ పుడితే డిపెండెంట్ వీసా వచ్చేదాకా మీరు కదల్లేరు, వీసా ఫీజు కాక పసిగుడ్డుకి కూడా ఏడాదికి 776 పౌండ్ల సర్‌చార్జ్. పైగా ఏ 12 నెలలు లెక్కేసినా బయట 180 రోజులు మించితే రేపు ఐఎల్ఆర్‌కి, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతికి, ఇబ్బంది. పుట్టింటికి పోవద్దనట్లేదు, ఇవి తెలుసుకుని పొమ్మంటున్నా.

ఇద్దరిఅమ్మ:
పునుగులపిచ్చీ, ముందు ఊపిరి పీల్చుకో. నువ్వు చెప్పినదంతా ఇక్కడ మామూలే. ఏ ఇబ్బందీ లేని గర్భానికి మిడ్‌వైఫే మొదటి నుంచి చివరిదాకా చూస్తుంది, కాన్పు కూడా ఆవిడే చేస్తుంది. మన దగ్గర మంత్రసాని అనగానే మొహాలు మాడ్చుకుంటాం గానీ వీళ్ళు మూడేళ్ళు యూనివర్సిటీలో అదొక్కటే చదివినవాళ్ళు. మొదటి కాన్పుకి మొత్తం పది అపాయింట్‌మెంట్లు, తర్వాతి వాటికి ఏడు. షుగరో బీపీయో ఇంకేదైనా తేడా ఉంటేనే కన్సల్టెంట్ డాక్టరు దగ్గరికి పంపుతారు. కాబట్టి డాక్టరు చూడలేదంటే ప్రస్తుతానికి అది శుభవార్త.

నాకు మొదటిసారి అర్థం కానిది వేరే. ఇక్కడ మనం నోరు తెరిచి అడగకపోతే మనకి ఏ ఇబ్బందీ లేదని రాసేసుకుంటారు. మన డాక్టరమ్మ మొహం చూసి "ఏంటమ్మా నీరసంగా ఉన్నావు, తినట్లేదా" అని తిడుతుంది. వీళ్ళు తిట్టరు. "ఆర్ యూ ఓకే" అంటారు, మనం ఫైన్ అంటాం, కంప్యూటర్‌లో కూడా ఫైన్ అని పడుతుంది. నేను ఎనిమిది నెలలు ఫైన్ అని చెప్పాను. రాత్రంతా అరచేతులు దురద పెట్టేవి, కడుపుతో ఉంటే దురదలు మామూలే అని అత్తయ్య అన్నారని అది కూడా చెప్పలేదు. 35వ వారంలో యథాలాపంగా నోరు జారి చెబితే ఆ రోజే రక్తపరీక్ష, లివర్‌లో తేడా తేలింది, ముందుగానే నొప్పులు తెప్పించారు. అరచేతులు, అరికాళ్ళు దురద పెడితే ఆ రోజే ఫోన్ చెయ్యాలని నాకెవరూ చెప్పలేదు, బుక్‌లెట్‌లో రాసి ఉందట, ఎవరు చదివారు.

నైట్‌షిఫ్ట్‌నర్సు:
నేను ఇక్కడ పోస్ట్‌నేటల్ వార్డులో స్టాఫ్ నర్సుని, మాది ఖమ్మం వైపు. ఇద్దరిఅమ్మ గారు రాసింది అక్షరాలా నిజం. నా డ్యూటీలో మనవాళ్ళు ఎవరొచ్చినా బెల్ నొక్కరు. మంచం పక్కనే ఉంటుంది బటన్. నీళ్ళు కావాలన్నా, బిడ్డని అందివ్వమన్నా, కుట్లు పీకుతున్నా నొక్కరు, "వాళ్ళు బిజీగా ఉన్నారు కదా సిస్టర్" అంటారు. పక్క బెడ్ ఆవిడ దిండు సరిగా లేదని నాలుగుసార్లు నొక్కుతుంది. రాత్రి రెండింటికి ఆరుగురు తల్లులకి ఒక్కదాన్ని ఉన్నప్పుడు నేను ఎవరి దగ్గరికి వెళ్తాను, చెప్పండి?

ఇది ఊరికే అనట్లేదు. ఇక్కడ తల్లుల మరణాల మీద ఎంబ్రేస్ అనే సంస్థ ఏటా నివేదిక ఇస్తుంది. 2019-21 లెక్కల్లో తెల్లవాళ్ళతో పోలిస్తే ఆసియా మూలాల తల్లుల్లో మరణాలు దాదాపు రెండు రెట్లు. భయపడకండి, ఆ లెక్కల్లో మొత్తం మీద చూస్తే లక్ష కాన్పులకి పన్నెండు లోపే. కానీ ఆ తేడా ఎందుకుందో వార్డులో నిలబడితే కొంత కనిపిస్తుంది. మనం చెప్పకపోవడం ఒకటి. చెప్పినా వినకపోవడం ఇంకొకటి, అది కూడా ఉంది, నేను అందులోనే పనిచేస్తూ లేదని అబద్ధం చెప్పలేను.

పునుగులపిచ్చి:
అక్కా, మీ ఇద్దరికీ దండం. అరచేతుల సంగతి ఇప్పుడే వింటున్నా. ఇంకొకటి, నాకు సిజేరియన్ అయితే బాగుండు అనిపిస్తోంది, మా ఇంట్లో అందరికీ అదే. నొప్పులంటే భయం. అడిగితే చేస్తారా, తిడతారా?

ఓరుగల్లుకోడలు:
తిట్టరు. ఎందుకు కావాలో మాట్లాడతారు, భయం అయితే దానికి కౌన్సెలింగ్ ఇస్తామంటారు, అంతా విన్నాక కూడా కావాలంటే ఒప్పుకోవాలి, వాళ్ళ గైడ్‌లైన్స్‌లోనే ఉంది. "మా ఇంట్లో అందరికీ అదే" అన్నావు చూడు, దాని గురించి ఒక ముక్క. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మా తెలంగాణల నూటికి అరవై కాన్పులు సిజేరియన్లే, దేశంలోనే అన్నిటికంటే ఎక్కువ. ఆంధ్రాలో 42. దేశం మొత్తానికి చూస్తే 21 దాటి కొంచెం. అంటే మన అమ్మాయిల పొట్టలు వేరేగా తయారయ్యాయా? ముహూర్తం చూసి కోయించుకున్నోళ్ళు మా చుట్టాలల్లనే ముగ్గురున్నారు.

ఇక నా కథ. నొప్పులు మొదలైనయి, పోయినం. మంచం మీద కూర్చుని పళ్ళు బిగబట్టి ఉన్న. మా నాయనమ్మ చిన్నప్పటి నుంచి ఒకటే మాట, ఆడపిల్ల గొంతు గడప దాటొద్దని. మిడ్‌వైఫ్ చూసి "యూ ఆర్ కోపింగ్ సో వెల్" అని మెచ్చుకుని ఇంటికి పంపింది. రెండోసారి పోయినా అదే మెచ్చుకోలు, అదే ఇల్లు. మూడోసారి కారులోంచి దిగలేకపోయిన. అప్పుడు చూస్తే గర్భసంచి మూతి ఎనిమిది సెంటీమీటర్లు తెరుచుకుంది, ఎపిడ్యూరల్‌కి, అదే నొప్పి తెలవకుండ నడుముకిచ్చే సూదికి, టైం లేదన్నరు. గ్యాస్ అండ్ ఎయిర్ గొట్టం నోట్లో పెట్టిన్రు, అది పీలిస్తే తల తిరిగింది తప్ప నొప్పి పోలే. బిడ్డ బాగుంది, నేనూ బాగున్న, కానీ ఆ మెచ్చుకోలు మాత్రం ఇప్పటికీ చెవుల్ల మోగుతది.

గుంటూరుకారం:
నేను అరిచాను ఓరుగల్లూ, గొంతు పోయేలా అరిచాను. "కొంచెం నెమ్మదిగా, పక్క గదుల్లో వాళ్ళు ఉన్నారు" అన్నారు. మొదటి కాన్పు ఇక్కడే, అందుకే రెండోదానికి విమానం ఎక్కాను. అరవకపోతే నొప్పి లేదు, అరిస్తే మనది ఓవర్ యాక్షన్. ఎంత అరవాలో ముందే కొలిచి చెబితే బాగుండేది.

నైట్‌షిఫ్ట్‌నర్సు:
గుంటూరుకారం గారూ, అలా అన్నవాళ్ళ తరఫున నేను క్షమాపణ చెప్పలేను గానీ, విన్నాను. హాస్పిటల్‌లో పాల్స్ అనో, పేషెంట్ ఎక్స్‌పీరియన్స్ అనో ఒక టీమ్ ఉంటుంది, ఫిర్యాదు వాళ్ళకి రాయొచ్చు. పురుడు పోసుకున్న తల్లికి ఫిర్యాదు రాసే ఓపిక ఎక్కడుంటుందని అడుగుతారు, తెలుసు.

పునుగులపిచ్చీ, నొప్పిని అరుపుతో కాదు, అంకెతో చెప్పు. "పదికి తొమ్మిది, మాట్లాడలేకపోతున్నాను, ఇంటికి వెళ్ళడానికి భయంగా ఉంది, నన్ను పరీక్షించండి" అను. ఇంటికి పంపుతామంటే "ఎందుకు పంపుతున్నారో నా నోట్స్‌లో రాయండి" అని నెమ్మదిగా అను. ఈ ఒక్క వాక్యానికి ఉన్న బలం నీకు తెలియదు. అలాగే ఎపిడ్యూరల్ కావాలని బర్త్ ప్లాన్‌లో ఇప్పుడే రాయించుకో, వద్దనుకుంటే అప్పుడు మానుకోవచ్చు.

డల్లాస్‌నుంచి:
అమెరికా నుంచి దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మీరంతా డాక్టరు చూడట్లేదని బాధపడుతున్నారు, ఇక్కడ ప్రతిసారీ డాక్టరే చూస్తుంది, తర్వాత నెలల తరబడి కవర్లు వస్తాయి. హాస్పిటల్ బిల్లు వేరు, మత్తు ఇచ్చినాయన బిల్లు వేరు, బిడ్డని రెండు నిమిషాలు చూసిన పిల్లల డాక్టరు బిల్లు వేరు. బిడ్డ పుట్టిన 30 రోజుల్లో ఇన్సూరెన్స్‌లో చేర్చాలి, నిద్రలేని ఆ నెలలో మా ఆయన 28వ రోజున గుర్తు తెచ్చుకున్నాడు, నా గుండె ఆగినంత పనైంది. మామూలు కాన్పుకి 48 గంటలు, సిజేరియన్‌కి 96 గంటలు హాస్పిటల్‌లో ఉండటానికి ప్లాన్ ఒప్పుకోవాలని 1996లో చట్టం వచ్చింది, అదొక్కటే నయం. మీ వాళ్ళు ఆరు గంటలకే ఇంటికి పంపేస్తారటగా?

ఇద్దరిఅమ్మ:
పంపేస్తారు. మా రెండోవాడు పొద్దున పుడితే సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. కాకపోతే మర్నాడు మిడ్‌వైఫ్ మన ఇంటికే వస్తుంది, ఐదో రోజు మళ్ళీ వచ్చి బిడ్డ మడమ గుచ్చి రక్తం చుక్కలు కార్డు మీద తీసుకెళ్తుంది, తర్వాత హెల్త్ విజిటర్ అని ఇంకొకావిడ. డబ్బు ప్రసక్తి ఎక్కడా రాదు. డబ్బు అంటే గుర్తొచ్చింది, పునుగులపిచ్చీ, మెటర్నిటీ ఎగ్జెంప్షన్ సర్టిఫికెట్ తీసుకున్నావా? మిడ్‌వైఫ్‌నో జీపీనో అడిగితే ఇస్తారు. అది ఉంటే కాన్పు అయిన ఏడాది దాకా మందుల చీటీలకీ పళ్ళ డాక్టరుకీ డబ్బు కట్టక్కర్లేదు. నాకు మొదటిసారి తెలియదు, పన్ను నొప్పిని పారాసిటమాల్‌తో లాగించాను.

పునుగులపిచ్చి:
లేదక్కా, ఎవరూ చెప్పలేదు!! రేపే అడుగుతా.

బందరులడ్డు:
షుగర్ టెస్ట్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? మనం దక్షిణాసియా వాళ్ళం కాబట్టి 24 నుంచి 28 వారాల మధ్య గ్లూకోజ్ తాగించి పరీక్ష చేస్తారు, తప్పించుకోకు. నాకు పరగడుపున 5.9 వచ్చింది. అమ్మకి ఫోన్‌లో చెబితే "అయ్యో అంత తక్కువా, కళ్ళు తిరిగి పడిపోతావే, ఒక లడ్డూ తిను" అంది. ఇక్కడి లెక్క వేరు, 18తో గుణిస్తే మన లెక్క వస్తుంది. పరగడుపున 5.6, తాగిన రెండు గంటలకి 7.8, ఈ రెండిట్లో ఏది తగిలినా షుగర్ ఉన్నట్టే. హిమోగ్లోబిన్ కూడా అంతే, 108 అని చూసి నేను నూట ఎనిమిదేంట్రా బాబూ అనుకున్నా, పదితో భాగించుకోవాలి, 10.8 అన్నమాట.

అసలు తమాషా తర్వాత మొదలైంది. డైట్ పేపర్ ఇచ్చారు. పొద్దున పోరిడ్జ్, మధ్యాహ్నం బ్రౌన్ బ్రెడ్ శాండ్‌విచ్, రాత్రి పాస్తా తగ్గించు అని. నేను జన్మలో రాత్రి పాస్తా తిన్నదాన్ని కాదు, తగ్గించేదేముంది? ఇడ్లీ, ఉప్మా, పప్పన్నం, పెరుగన్నం గురించి ఒక్క ముక్క లేదు. వారం రోజులు ఆ బ్రెడ్డే తిని ఏడ్చాను. తర్వాత నాకే బుద్ధొచ్చి నేను తినేవన్నీ కాగితం మీద రాసి, దేని తర్వాత ఎంత వచ్చిందో మిషన్‌తో చూసి పక్కన వేసి, డైటీషియన్ ముందు పెట్టాను. ఆవిడ ఎంత సంబరపడిందో. ఇడ్లీ మూడు తింటే ఎగిరిపోతోంది, ఒక పెసరట్టు, గుడ్డు అయితే ఏమీ అనట్లేదు, అన్నం సగం చేసి కూర రెట్టింపు చేస్తే సరిపోతోంది. ఆ కాగితం ఫొటోకాపీ తీసుకుంది, వేరేవాళ్ళకి పనికొస్తుందని.

చలిదేశం:
ఆ కాగితం ఇక్కడ కూడా పెట్టొచ్చుగా లడ్డూ గారూ.

బందరులడ్డు:
వెతికి పెడతా. పేరు మాత్రం బందరులడ్డు, ఇంట్లో షుగర్ మిషన్. నవ్వుకోండి.

ఒకనాన్న:
మగవాళ్ళు రాయొచ్చా ఇక్కడ? మా ఆవిడ కాన్పు పోయిన ఏడాది. మా ఊళ్ళో అయితే నేను వరండాలో తిరుగుతూ ఉండేవాణ్ణి, లోపలి నుంచి ఎవరో వచ్చి చెప్పాలి. ఇక్కడ పద్నాలుగు గంటలు ఆమె పక్కనే ఉన్నాను. బొడ్డుతాడు కోస్తావా అని కత్తెర నా చేతికిచ్చారు, చేతులు వణికి రెండుసార్లకి తెగింది. మా అమ్మకి ఈ సంగతి ఇంతవరకు చెప్పలేదు.

ఒక మాట చెప్పడానికే రాస్తున్నా. మొదటి అపాయింట్‌మెంట్‌లో మిడ్‌వైఫ్ నన్ను కాసేపు బయట కూర్చోమంది. నాకు కోపం వచ్చింది, భర్తని కదా అని. తర్వాత మా ఆవిడ చెప్పింది, ఇంట్లో భయం ఏమైనా ఉందా, ఎవరైనా కొడుతున్నారా అని అందరినీ ఒంటరిగా అడుగుతారట. మగవాళ్ళు దీన్ని అవమానంగా తీసుకోకండి, లేచి బయటికి వెళ్ళండి.

మౌనంగాచదివేదాన్ని:
ఒకనాన్న గారూ, మీరు లేచి బయటికి వెళ్ళారు, సంతోషం. మా ఇంట్లో వెళ్ళలేదు. నాకు ఇంగ్లిష్ సరిగా రాదని, తనే చెబుతానని ప్రతి అపాయింట్‌మెంట్‌లో తనే కూర్చున్నారు, తనే నా తరఫున జవాబులు చెప్పారు. నాకు కడుపులో ఎలా ఉందో ఆయనే చెప్పేవారు. నిద్ర పడుతోందా అని వాళ్ళు అడిగితే ఆయన పడుతోంది అనేవారు. ఆరో నెలలో కొత్తగా వచ్చిన ఒక మిడ్‌వైఫ్ ఫోన్ స్పీకర్‌లో పెట్టింది. అవతల నుంచి "నమస్తే అమ్మా, నేను ఇంటర్‌ప్రెటర్‌ని" అని తెలుగు వినిపించింది. ఏ ఊరి ఆవిడో తెలియదు, మొహం చూడలేదు. ఆ నమస్తేకి నేను ఏడ్చేశాను. ఆ తర్వాతే ఆయన్ని బయటికి పంపారు. మిగతాది ఇక్కడ రాయలేను. ఇప్పుడు నేనూ పాపా వేరే ఊళ్ళో బాగున్నాం. ఇంగ్లిష్ రానివాళ్ళు ఎవరైనా చదువుతుంటే, తెలుగులో చెప్పేవాళ్ళు కావాలని అడగండి, డబ్బు తీసుకోరు. "తెలుగు ఇంటర్‌ప్రెటర్ ప్లీజ్" ఈ మూడు మాటలు వస్తే చాలు.

నైట్‌షిఫ్ట్‌నర్సు:
చెల్లీ, నువ్వు రాసినందుకు చాలా థాంక్స్. భర్తలనీ అత్తలనీ మరుదులనీ అనువాదానికి వాడొద్దనే మాకు చెబుతారు. పని ఒత్తిడిలో పాటించని వాళ్ళున్నారు.

ఓరుగల్లుకోడలు:
మౌనంగా, నీ పాపకు ముద్దులు.

చలిదేశం:
20 వారాల స్కాన్‌లో మగా ఆడా చెప్పమంటారా అని అడిగారు కదా మీ అందరినీ? మన దగ్గర 1994 చట్టంతో అది నేరం, అందుకని నాకైతే ఆ ప్రశ్న వినగానే ఎవరైనా చూస్తున్నారేమో అని వెనక్కి తిరిగాను. వద్దన్నాం. మా అత్తగారు ఫోన్‌లో మొదట అడిగింది మాత్రం అదే.

గుంటూరుకారం:
మా అత్తగారు కూడా. నేను "స్కాన్‌లో బిడ్డ అటు తిరిగి ఉంది అత్తయ్యా" అని నాలుగు నెలలు లాగాను.

ఇద్దరిఅమ్మ:
బిడ్డ పుట్టాక జరిగేవి రెండు చెబుతా, ఇవి బుక్‌లెట్‌లో ఉన్నా మన బుర్రకెక్కవు.

ఒకటి, కామెర్లు. మన పిల్లల ఒంటి రంగులో పచ్చదనం తేలిగ్గా కనపడదు. మావాడికి మూడో రోజు, మిడ్‌వైఫ్ ట్యూబ్‌లైటు కింద చూసి బాగున్నాడంది. సాయంత్రం వీడియో కాల్‌లో మా అమ్మ "వాడి కళ్ళు చూడవే, తెల్లగుడ్డు పసుపు రాసినట్టుంది" అంది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూస్తే నిజమే, చిగుళ్ళు కూడా. ఫోన్ చేసి, "నాకు కంగారుగా ఉంది, లెవెల్ చూడండి" అన్నాను, ఈసారి ఫైన్ అనలేదు. రెండు రోజులు నీలం లైటు కింద పెట్టారు. ఎండలో పెట్టు సరిపోతుంది అని ఇండియా నుంచి పదిమంది చెప్పారు, జనవరిలో ఇక్కడ ఎండెక్కడిది. పుట్టిన మొదటి 24 గంటల్లోనే పచ్చబడితే మాత్రం ఒక్క నిమిషం ఆగకూడదు.

రెండు, నడుం కింద, పిర్రల మీద నీలం మచ్చలు. మన పిల్లలకి చాలామందికి ఉంటాయి, వాటంతటవే పోతాయి. ఇక్కడ కొందరికి అవి దెబ్బల్లా కనిపిస్తాయి. పుట్టగానే చేసే పరీక్షలోనే వాటిని రెడ్ బుక్‌లో, అంటే బిడ్డ ఆరోగ్యం వివరాలు రాసే పుస్తకంలో, రాయించండి, ఎక్కడున్నాయో బొమ్మ మీద గుర్తు పెట్టించండి. మావాడికి రాయలేదు. పది నెలలకి నర్సరీలో వేస్తే మూడో రోజు నన్ను గదిలోకి పిలిచి కూర్చోబెట్టి "ఇది ఎలా తగిలింది" అని అడిగారు. నా కాళ్ళ కింద నేల లేదు. జీపీ చూసి రాసిచ్చాక సరిపోయింది, కానీ ఆ రెండు రాత్రులు నేను, మా ఆయన లైటు ఆర్పకుండా కూర్చున్నాం.

డల్లాస్‌నుంచి:
ఈ నీలం మచ్చల సంగతి మాకు కూడా ఎవరూ చెప్పలేదు. ఇప్పుడే మా పాప ఫైల్ తీసి చూశా, రాసి ఉంది, బతికించారు.

బందరులడ్డు:
కాటుక సంగతి కూడా చెప్పండి. హెల్త్ విజిటర్ వచ్చిన రోజు మా పాప కళ్ళకి నిండా కాటుక, బుగ్గన చుక్క. ఆవిడ మొహం మారిపోయింది. కొన్ని కాటుకల్లో సీసం ఉంటుందట. బుగ్గ చుక్కతో సరిపెట్టాం, అది కూడా అరికాలికి మార్చాం. తేనె నాకించడం కూడా ఏడాది నిండేదాకా వద్దంది, మా అత్తగారు రెండు రోజులు మాట్లాడలేదు.

గుంటూరుకారం:
తేనె విషయంలో వాళ్ళదే రైటు. కాన్పు అయిన గంటకి బాలింతకి ఐసు ముక్కలేసిన నీళ్ళు, చల్లటి పాలతో కార్న్‌ఫ్లేక్స్ పెట్టే విషయంలో మాత్రం మా అమ్మదే రైటు, ఇందులో నేను తగ్గేది లేదు.

నైట్‌షిఫ్ట్‌నర్సు:
వేడినీళ్ళు అడిగితే ఇస్తాం కదా!! బెల్ నొక్కండి!!

పునుగులపిచ్చి (రెండు నెలల తర్వాత):
అందరికీ మళ్ళీ నమస్తే. ఇప్పుడు 31 వారాలు. ఇండియా వెళ్ళలేదు. షుగర్ రాలేదు, 5.1. ఎగ్జెంప్షన్ కార్డు వచ్చింది, పళ్ళు కూడా చూపించుకున్నా.

పోయిన మంగళవారం మధ్యాహ్నం నుంచి కడుపులో కదలిక తగ్గినట్టు అనిపించింది. మామూలుగా అన్నం తినగానే లోపల ఫుట్‌బాల్ ఆడుతుంది. అమ్మకి ఫోన్ చేస్తే "నెలలు నిండుతుంటే చోటు చాలక కదలికలు తగ్గుతాయిలే, చల్లటి నీళ్ళు తాగి ఎడమ పక్కకి పడుకో, పొద్దున చూద్దాం" అంది. పడుకున్నా. పడుకున్నాక ఈ చర్చ గుర్తొచ్చింది, ఫైన్ అని రాసుకుంటారు అన్న మాట. రాత్రి పదకొండున్నరకి ట్రయాజ్‌కి, అంటే హాస్పిటల్‌లో గర్భిణుల అత్యవసర విభాగానికి, ఫోన్ చేశాను. మా ఆయన తను మాట్లాడతానన్నాడు, వద్దని నేనే మాట్లాడాను. "బేబీ కదలట్లేదు, ఇది దానికి మామూలు కాదు, నాకు భయంగా ఉంది" అన్నా, అంతే, ఇంకో ప్రశ్న లేకుండా రమ్మన్నారు. మిషన్ పెట్టి గుండె చప్పుడు నలభై నిమిషాలు చూశారు. బాగుంది. మిషన్ పెట్టగానే మహాతల్లి తన్నడం మొదలుపెట్టింది. టైం వేస్ట్ చేశానని సారీ చెబితే ఆ మిడ్‌వైఫ్ "రేపు మళ్ళీ తగ్గితే రేపు మళ్ళీ రా" అంది. చోటు చాలక తగ్గడమనేది అబద్ధమట, చివరిదాకా కదులుతూనే ఉండాలట.

సిజేరియన్ మాట ప్రస్తుతానికి పక్కన పెట్టా, ఎపిడ్యూరల్ రాయించా. అమ్మకి రెండోసారి వీసా వచ్చింది, మొదటిసారి బ్యాంకు కాగితాలు సరిగా పెట్టలేదు. ఒక చిన్న డౌటు. అమ్మ కాయం పొడి, శొంఠి, వెల్లుల్లి కారం, రెండు కేజీల నెయ్యి సర్దుతోంది. ఎయిర్‌పోర్ట్‌లో పట్టుకుంటారా?

చలిదేశం:
నెయ్యి వద్దు. బయటి దేశాల నుంచి పాలతో చేసినవి, మాంసంతో చేసినవి తేనివ్వరు, తీసి చెత్తబుట్టలో వేస్తారు, ఆవిడ అక్కడే ఏడుస్తారు. నెయ్యి ఇక్కడ ఇండియన్ షాపులో కొనుక్కో. పొడులు పొట్లాల్లో కాకుండా మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో పెట్టి పైన పేరు రాయమను. ఇంకా ముఖ్యం, విజిటర్‌కి హాస్పిటల్ పడితే మామూలు రేటుకి ఒకటిన్నర రెట్లు వేస్తారు, ట్రావెల్ ఇన్సూరెన్స్ తీసుకోకుండా విమానం ఎక్కించొద్దు. అమ్మకి బీపీ ఉంటే అది కూడా ఫారంలో దాచకుండా రాయండి.

ఒకనాన్న:
పుట్టాక 42 రోజుల్లో రిజిస్టర్ చేయించడం మీ ఆయనకి ఇప్పుడే చెప్పండి. ఇక్కడ పుట్టినంత మాత్రాన బ్రిటిష్ అవ్వరు, మీ ఇద్దరిలో ఒక్కరికైనా ఐఎల్ఆర్ ఉంటేనే. మీ బిడ్డకి ఇండియా పాస్‌పోర్టు, తర్వాత వీసా. దేశం దాటకపోతే మూడు నెలల దాకా బిడ్డకి వైద్యం ఉచితమే, ఆలోపు కాగితాలు కదిలించండి. నేను నిద్ర లేని మత్తులో ఫొటోకి బిడ్డ కళ్ళు తెరిపించలేక వారం పోగొట్టుకున్నా.

పునుగులపిచ్చి:
ఇన్సూరెన్స్ రేపే. నెయ్యి సంగతి అమ్మకి మీలో ఎవరైనా చెప్పి పెట్టండి, నావల్ల కాదు.

గుంటూరుకారం:
నంబరు మెసేజ్ చెయ్యి, నేను చెబుతా. ఇంతకీ మహాతల్లి అన్నావు, స్కాన్‌లో చెప్పించుకున్నావా?

పునుగులపిచ్చి:
అత్తయ్యకి మాత్రం అటు తిరిగి ఉందనే చెప్పా :)